లాంచీకి ఆ ఈకారం ఎక్కడిది?

సూళ్లూరుపేట బస్టాండు ముందు నిలబడి "లాంచ్ ఎప్పుడు?" అని అడిగితే ఎవరూ నీళ్లవైపు చూడరు. రాజమండ్రిలో గోదావరి గట్టున "లాంచీ ఎప్పుడు?" అని అడిగితే ఎవరూ ఆకాశంవైపు చూడరు. ఇక్కడ శ్రీహరికోట సంగతి చెబుతారు, అక్కడ పాపికొండల టిక్కెట్టు ధర చెబుతారు. ఇంగ్లీషులో రెండింటికీ ఒకటే మాట. రాతలో తేడా లేదు, పలుకులో తేడా లేదు. తెలుగువాళ్లే ఒకదానికి ఈకారం తగిలించి, రెండోదాన్ని మొండిగా వదిలేశారు.

ఈ తగిలింపు వెనక ఒక పద్ధతి ఉంది. మాట హల్లుతో ఆగిపోతే తెలుగు నోటికి తృప్తి ఉండదు. బస్సు, రోడ్డు, కారు, పెన్ను, బుక్కు అంటూ ఎక్కువ చోట్ల ఉకారం చేర్చుకుంటాం. చివరి హల్లు చకారమో జకారమో అయితే నాలుక అప్పటికే అంగిలి దగ్గర ఉంటుంది. అక్కడినుంచి ఉకారానికి పోవడం చుట్టుదారి, ఇకారానికి పోవడం అడ్డదారి. బెంచి, వాచి, టార్చి, బ్రాంచి, జడ్జి, బ్రిడ్జి, కాలేజీ, గ్యారేజీ అన్నీ ఆ అడ్డదారిన వచ్చినవే. లాంచి, లాంచీ కూడా ఆ బంతిలో కూర్చున్నవే.

ఇంకో సంగతి కూడా ఆ ఇకారం చెబుతుంది. బెంచి, జడ్జి, లాంచీ చెవిన పడి, నోళ్లలో నలిగి తెలుగైన మాటలు. వాటిని వాడినవాళ్లలో చాలామంది ఇంగ్లీషు అక్షరం ఎరగరు. కోచ్, టచ్, మ్యాచ్, లాంచ్ బడిలోనుంచీ టీవీలోనుంచీ వచ్చాయి. స్పెల్లింగు మనసులో మెదులుతుంటే ఇకారం చేర్చడానికి నోరు మొహమాటపడుతుంది. పాతతరం వాళ్లకు ఆ మొహమాటం లేదు. సూళ్లూరుపేటలో వాళ్లు "లాంచింగు" అంటారు. మాట చివర ఉకారం పెట్టి రాకెట్టు మాటను కూడా లొంగదీసుకున్నారు. నీళ్లమీద పోయేది లాంచీ, నింగిలోకి పోయేది లాంచింగు. 2022 ఏప్రిల్‌లో ఊరు నెల్లూరు జిల్లా విడిచి తిరుపతి జిల్లాలోకి పోయింది గాని, ఈ మాటతీరు ఎక్కడికీ పోలేదు.

లాంచీలోని ఈకారం పోర్చుగీసువాళ్ల 'లాంచా' నుంచి నేరుగా వచ్చిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పోర్చుగీసు నుంచి తిన్నగా వచ్చిన మాటలు మన దగ్గర చాలా ఉన్నాయి. అల్మారా, పీపా, మేస్త్రి, పాదిరి, అనాస అలా వచ్చినవే. అవి తమ అచ్చులను పెద్దగా మార్చుకోలేదు. పీపా పీపాగానే మిగిలింది, పీపీ కాలేదు. లాంచా కూడా ఆ దారినే వచ్చి ఉంటే తెలుగులో లాంచాగానే ఉండేది. కాబట్టి గోదావరి లాంచీ ఇంగ్లీషువాడి ద్వారానే వచ్చింది. అన్యదేశ్యాల కోసం విడిగా ఒక నిఘంటువు ఉండాలని 1854లోనే పట్టుబట్టి అచ్చువేసిన బ్రౌన్ దొరకు ఇలాంటి లెక్కలంటే ఇష్టం. ఒక పరాయి మాట మన ఇంటికి ఏ గుమ్మంలోంచి వచ్చిందో చాలాసార్లు చివరి అచ్చే చెబుతుంది.

ఇంతకీ ఇంగ్లీషువాడికి అది ఎక్కడిది? ఇక్కడే తమాషా ఉంది. ఇంగ్లీషులో కనిపించే ఆ ఒక్క మాట నిజానికి ఒక్క మాట కాదు. ఎక్కడెక్కడో పుట్టిన రెండు వేరు వేరు మాటలు ఒకే చొక్కా తొడుక్కున్నాయి.

మొదటిది క్రియ. దాని వేరు బల్లెంలో ఉంది. లాటిన్‌లో 'లాంకియా' అంటే విసిరే తేలికపాటి బల్లెం. అది అసలు లాటిన్ మాట కాదని రోమన్లకే తెలుసు. అది హిస్పానియా, అంటే నేటి స్పెయిన్ ప్రాంతపు మాట అని వర్రో అన్నట్టు ఔలస్ గెల్లియస్ రాశాడు. గ్రీకు చరిత్రకారుడు డియొడోరస్ మాత్రం గాల్ దేశస్థులు తమ ఈటెలను అలా పిలుస్తారన్నాడు. ఏ లెక్కన చూసినా రోమన్లు ఎవరితో పోరాడారో వాళ్ల దగ్గరే ఆ ఆయుధాన్నీ పేరునూ తీసుకున్నట్టుంది. తర్వాత లాటిన్ ఫ్రెంచిగా మారుతున్నప్పుడు ఆ మాట రెండుగా చీలింది. పారిస్ వైపు వాళ్ల నోట అది 'స' పలికింది, ఉత్తరాన నార్మన్ల నోట 'చ' పలికింది. మన దగ్గర ఒక ఊరివాళ్లు చేను అంటే ఇంకో ఊరివాళ్లు సేను అనడం లేదూ, అలాంటిదే. సకారం వైపు నుంచి ఇంగ్లీషుకు 'లాన్స్' వచ్చింది, చకారం వైపు నుంచి 'లాంచ్' వచ్చింది. బల్లెమూ, బల్లేన్ని విసరడమూ ఇలా అన్నదమ్ముల్లా విడిపోయి ఇంగ్లీషులో చేరాయి.

సకారపు సంతానం మనకు బాగా తెలిసిందే. చిన్న బల్లెం, అంటే శస్త్రవైద్యుడి చురకత్తి, 'లాన్సెట్'. 1823లో లండన్‌లో మొదలైన వైద్యపత్రిక ఆ పేరే పెట్టుకుని నేటికీ నడుస్తోంది. పత్రికల్లో పనిచేసే మాలాంటి వాళ్లకు దగ్గరి చుట్టం 'ఫ్రీలాన్సర్'. ఏ ప్రభువుకూ కట్టుబడక, కూలి ఇచ్చినవాడి తరఫున బల్లెం పట్టే సైనికుడి కోసం వాల్టర్ స్కాట్ 1819 నాటి 'ఐవాన్‌హో' నవలలో వాడిన మాట అది. ఇప్పుడు బల్లెం పోయి పెన్ను వచ్చింది, కూలి ఆలస్యం కావడం మాత్రం అలాగే ఉంది. పట్టాళంలో కొడుకున్న ప్రతి ఇంట్లోనూ తెలిసిన 'లాన్స్ నాయక్' హోదాలో ఉన్నదీ ఆ బల్లెమే. యుద్ధంలో ఈటె విరిగేదాకా పోరాడిన పాతకాపును ఇటలీలో 'విరిగిన బల్లెం' అనేవారు. అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు పోయి లాన్స్ కార్పొరల్ అయింది, ఇక్కడికి వచ్చి నాయక్ పక్కన నిలబడింది.

చకారపు బిడ్డ బతుకు వేరు. ఇంగ్లీషులో మొదట దాని అర్థం విసరడం, పొడవడం, ఒక్క ఉదుటున దూకడం. పడవను నేలమీదనుంచి నీళ్లలోకి నెట్టడం అన్న అర్థం తర్వాత వచ్చింది. బల్లేన్ని విసిరినట్టే ఓడను నీళ్లలోకి విసిరారు, కనీసం మాటలో. రాకెట్టు అర్థం ఇరవయ్యో శతాబ్దిది.

ఇక రెండోది నామవాచకం, పడవ పేరు. పదిహేడో శతాబ్దం చివర ఇంగ్లీషు నావికులు ఈ పేరు వాడుతున్నారు. యుద్ధనౌక తన వెంట మోసుకుపోయే చిన్న పడవల్లో అన్నింటికన్నా పెద్దదాన్ని అలా పిలిచేవారు. అది స్పానిష్, పోర్చుగీసు 'లాంచా' నుంచి వచ్చిందన్నంత వరకు గొడవ లేదు. దాని వెనక మరో మాట ఉంది. పదహారో శతాబ్దపు పోర్చుగీసు చరిత్రల్లో 'లాంచారా' అనే ఒక చిన్న, వేగమైన ఓడ పదే పదే కనిపిస్తుంది. అది మలయ్ సముద్రాల్లోని ఓడ. మలయ్ భాషలో 'లాంచార్' అంటే చురుకైన, అడ్డులేకుండా సాగే అని అర్థం. హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు మొదలుకుని పెద్ద నిఘంటువులన్నీ ఈ దారినే చూపిస్తాయి. పక్కనే 'బహుశా' అని కూడా చేరుస్తాయి. ఆ బహుశాను నేను తీసేయను గాని, ఈ తీరాన కూర్చుంటే ఆ కథ నమ్మబుద్ధేస్తుంది.

ఎందుకంటే 1511లో పోర్చుగీసువాళ్లు మలక్కాను పట్టుకున్నప్పుడు ఆ రేవులో లాంచారాల నడుమ మన తీరపు వర్తకులు ఉన్నారు. మలయ్‌వాళ్లు వాళ్లను 'కెలింగ్' అనేవారు. కళింగం పేరు మీదుగా వచ్చిన పిలుపు అది, తెలుగువాళ్లనూ తమిళులనూ కలిపి పిలిచిన పిలుపు. వాళ్లు అమ్మిన బట్టలో కొంత ఈ పులికాట్ రేవునుంచి పోయింది. పులికాట్‌ను తెలుగువాళ్లు ప్రళయకావేరి అనేవారు; స.వెం. రమేశ్ తన కథల పుస్తకానికి ఆ పేరే పెట్టుకున్నాడు. పులికాట్ సరస్సుకు దక్షిణపు ముఖద్వారం దగ్గర డచ్చివాళ్లు 1613లో గెల్డ్రియా కోట కట్టుకున్నదీ ఈ అద్దకం బట్ట కోసమే. దీన్ని తీసుకుపోయి తూర్పు దీవుల్లో మిరియాలకూ లవంగాలకూ మార్చుకునేవారు. మలయ్ పడవ పేరు పోర్చుగీసు నోట పడి, ఇంగ్లీషు నోట మారి, గోదావరిమీదికి వచ్చి లాంచీ కావడానికి ముందే, ఆ పడవలను మనవాళ్లు చూసి ఉంటారు, బహుశా సరుకు కూడా ఎక్కించి ఉంటారు. ఆ పేరు మాత్రం అప్పుడు వెంట తెచ్చుకోలేదు. తెచ్చుకుని ఉంటే మన నిఘంటువుల్లో ఇప్పుడు లాంచారా ఉండేది.

స్పెయిన్ పడమటి గాలుల్లో పుట్టిందంటున్న బల్లెమూ, మలక్కా జలసంధిలో తిరిగిన పడవా ఇలా ఇంగ్లీషులో ఎదురుపడ్డాయి. ఓడవాళ్లకు రెండూ రోజూ కావలసినవే. పడవను నీళ్లలోకి నెట్టడం ఒకటి, నెట్టే పడవ ఇంకొకటి. కాబట్టి పడవ పేరు క్రియ స్పెల్లింగును అరువు తీసుకుంది. రెండింటికీ చుట్టరికం ఉందని ఓడవాళ్లు అనుకుని ఉంటే వాళ్ల తప్పేమీ లేదు. భాషలో ఇలా పొరుగు వల్ల ఏర్పడే చుట్టరికాలు రక్తసంబంధం కన్నా గట్టిగా నిలబడతాయి.

తెలుగులో ఓడను నీళ్లలోకి దించడానికి పత్రికలవాళ్లు 'జలప్రవేశం' అన్నారు. గృహప్రవేశం నమూనా మీద చేసుకున్న మాటలా కనిపిస్తుంది, బాగుంది కూడా. 1948 మార్చి 14న విశాఖపట్నంలో సింధియా కంపెనీ కట్టిన 'జల ఉష'ను నెహ్రూ నీళ్లలోకి విడిచాడు. స్వతంత్ర భారతంలో కట్టిన మొదటి పెద్ద ఓడ అది. ఇంగ్లీషు పత్రికలు ఆ పనిని ఏ మాటతో చెప్పాయో ఊహించడం కష్టం కాదు. బల్లెం విసిరే మాటది. చూస్తే అక్కడ విసిరిందేమీ లేదు. ఓడ వాలుబల్ల మీద తన బరువుకు తానే జారింది. ఆపి ఉంచిన కట్లు ఊడదీయడమే మనుషులు చేసిన పని.

ఈ తేడా రాకెట్టు దగ్గర ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. బల్లేనికి ఉన్న వేగమంతా చేతిలో ఉండగానే వస్తుంది, చెయ్యి దాటిన క్షణం నుంచి తగ్గుతూనే పోతుంది. రాకెట్టు సరిగ్గా తలకిందులు. వేదిక మీద ఉన్నప్పుడు దాని వేగం సున్న. ఎవరూ దాన్ని విసరరు. తన ఇంధనాన్ని తాను కాల్చుకుంటూ, పైకి పోయేకొద్దీ తేలికవుతూ, వేగం పెంచుకుంటూ పోతుంది. పీఎస్ఎల్‌వీ అయితే నేల విడిచేటప్పుడు దాదాపు 320 టన్నుల బరువు, అందులో మొదటి అంచెలోని ఘన ఇంధనమే దాదాపు 139 టన్నులు. ఎల్‌వీఎం-3 అయితే 640 టన్నులు. వీటిని విసిరే చెయ్యి ఎక్కడుంది? భౌతికశాస్త్రం లెక్కన చూస్తే ఇంగ్లీషు మాట పాత ఆయుధశాలలోనే నిలిచిపోయింది.

సూళ్లూరుపేట మాట అలా నిలిచిపోలేదు. ఇక్కడివాళ్లు "ఈపొద్దు రాకెట్టు వదులుతా ఉండారు" అంటారు. వదలడం అనే క్రియలో ముందు పట్టుకుని ఉండడం ఉంది. గాలిపటాన్ని వదులుతాం, పావురాన్ని వదులుతాం, కార్తీకమాసంలో దీపాన్ని నీళ్లలో వదులుతాం, దూడను మేతకు వదులుతాం, డ్యాముకు గేట్లెత్తి నీళ్లు వదులుతారు. ఇందులో దేన్నీ మనం తోయం. పోవాలన్న ఊపు దానిలోనే ఉంది, గాలిలోనో ఏటివాలులోనో ఉంది. మనం అడ్డు తీస్తాం, అంతే. నన్నడిగితే రాకెట్టుకు ఇంతకన్నా సరైన క్రియ ఏ నిఘంటువులోనూ దొరకదు. సినిమాకు వాడే 'విడుదల' కూడా ఈ పక్కింటి మాటే. విడుచు, వదలు ఒక్క ధాతువని నేను అనను, పనిలో మాత్రం అక్కచెల్లెళ్లు. ఇంత మంచి మాట ఊళ్లో ఉండగా పత్రికలు దాన్ని శీర్షికకు ఎక్కించవు. వదిలారు అంటే గౌరవం తగ్గుతుందేమోనని భయం కాబోలు.

పత్రికల మాట 'ప్రయోగం'. దీని మీద నాకు కోపం లేదు, పైగా గౌరవం ఉంది, ఎందుకంటే ఇది తెలిసో తెలియకో బల్లెం దగ్గరికే తిరిగి వెళ్లింది. సంస్కృతంలో ప్రయోగానికి ఉన్న పాత అర్థాల్లో ఒకటి అస్త్రాన్ని సంధించి వదలడం. భారతం సౌప్తికపర్వంలో అర్జునుడూ అశ్వత్థామా ఎదురెదురుగా అస్త్రాలు ప్రయోగిస్తారు. వెనక్కి తీసుకోమంటే అర్జునుడు తీసుకున్నాడు. అశ్వత్థామకు ప్రయోగం వచ్చు, ఉపసంహారం రాదు. శ్రీహరికోటలో ఘన ఇంధనపు మోటార్లు అశ్వత్థామ తరహావే. ఒకసారి అంటుకుంటే ఆర్పడం కుదరదు. కాబట్టి ఉపసంహారం ఏదైనా ఉంటే అది అంటించకముందే జరగాలి. 2019 జూలై 15 తెల్లవారుజామున చంద్రయాన్-2 కౌంట్‌డౌన్ ఇంకా 56 నిమిషాలు ఉందనగా ఆపేశారు, అదే నెల 22న వదిలారు. వదిలాక దారి తప్పితే మిగిలేది ఒక్కటే, పేల్చేయడం. 2006 జూలై 10న జీఎస్ఎల్‌వీ-ఎఫ్02కు ఆ గతి పట్టింది. ఆ నిర్ణయం తీసుకునే పని రేంజ్ భద్రతాధికారిది.

రేంజ్ అంటే గుర్తొచ్చింది. షార్ అన్న పేరులో చివరి అక్షరం ఆ రేంజే: శ్రీహరికోట హై ఆల్టిట్యూడ్ రేంజ్. 2002 సెప్టెంబరులో సతీష్ ధావన్ పేరు పెట్టాక కూడా షార్ అన్న తోక పోలేదు. సంస్కృతంలో 'శర' అంటే బాణమని ఇస్రోవాళ్లే సంతోషంగా చెప్పుకుంటారు. కాకతాళీయం, కాని ముచ్చటైన కాకతాళీయం. ఇంగ్లీషు మాటలో బల్లెం, తెలుగు పత్రికల మాటలో అస్త్రం, స్థలం పేరులో బాణం. ఊరివాళ్లకు ఈ ఆయుధాలతో పని లేదు. వాళ్లకు అది షారు, వాళ్లను పనికి మోసుకుపోయేది షార్ బస్సు.

ప్రయోగానికి ఇంకో అర్థం ఉంది, బడిపిల్లలకు ముందు తెలిసేది అదే. ప్రయోగశాలలో చేసేది, ఫలితం ముందుగా తెలియనిది. 1979 ఆగస్టు 10న ఎస్ఎల్‌వీ-3 బంగాళాఖాతంలో పడినప్పుడు ఆ అర్థం సరిపోయింది. మరుసటి ఏడు 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరినప్పుడూ సరిపోయింది. 1993 సెప్టెంబరులో మొదటి పీఎస్ఎల్‌వీ చెడినప్పుడు కూడా. తర్వాత అదే పీఎస్ఎల్‌వీ ఏటేటా వరసగా పోతూ, 2017 ఫిబ్రవరి 15న ఒకే విడతలో 104 ఉపగ్రహాలను మోసుకుపోయి, డబ్బు పుచ్చుకుని పరాయి దేశాల సరుకు చేరవేసే వ్యాపారంగా మారాక దాన్ని ప్రయోగం అనడం కాస్త విడ్డూరంగా అనిపించేది. నెల్లూరు నుంచి రోజూ మద్రాసు పోయే రైలును ఎవరైనా ప్రయోగం అంటారా? 2025 జనవరి 29న శ్రీహరికోట నూరో రాకెట్టును వదిలింది. నూటొకటోది, మే 18 నాటి పీఎస్ఎల్‌వీ-సి61, మూడో అంచెలో తేడా వచ్చి ఉపగ్రహాన్ని పోగొట్టుకుంది. ఆ రోజు పత్రిక చూశాక నా ఎగతాళి మానుకున్నాను. ప్రయోగం అన్న మాట అక్కడ కావాలి.

'ప్రయోగించబడింది' అని రాసేవాళ్లను మాత్రం క్షమించలేను. అది కర్మణి ప్రయోగం, అంటే ప్రయోగం మీద ఇంకో ప్రయోగం.

పత్రిక వాక్యంలో ఈ ప్రయోగానికి ముందు ఎప్పుడూ ఇంకో సమాసం ఉంటుంది: 'ఉపగ్రహ వాహక నౌక'. 'శాటిలైట్ లాంచ్ వెహికల్' అన్న ఇంగ్లీషు పేరును తెలుగు చెయ్యబోయి ఎవరో మహానుభావుడు చేసిన పని ఇది, ఎంత చూసినా తనివితీరదు. ఇంగ్లీషులో వాహనానికి వాడిన మాట లాటిన్ 'వెహెరే' నుంచి వచ్చింది, మోయడం అని అర్థం. మన 'వహ్' ధాతువూ అదీ ఒక తల్లి బిడ్డలే. కాబట్టి వాహక అన్నప్పుడే అనువాదం అయిపోయింది, అదీ సాక్షాత్తు సోదర పదంతో. అక్కడ ఆగకుండా నౌక అన్నాడు. నౌక కూడా లాటిన్ 'నావిస్'కు చుట్టమే, నేవీ అన్న మాటకు పెద్దమ్మ. ఇంగ్లీషు పేరులోని విసురుడు పూర్తిగా జారిపోయింది, ఇంగ్లీషు పేరులో లేని పడవ వచ్చి కూర్చుంది. ఆ పక్కనే ప్రయోగం. 'వాహక నౌక ప్రయోగం' అని రాసిన ఉపసంపాదకుడు, ఆ సంగతి తెలియకుండానే, ఇంగ్లీషు మాటలో కలిసిపోయిన ఇద్దరు అపరిచితులనూ విడదీసి పక్కపక్కన కూర్చోబెట్టాడు. ఒకడు పడవ, ఇంకొకడు బల్లెం.

రాకెట్టును పడవ అనుకోవడం ఈ తీరానికి కొత్తేమీ కాదనిపిస్తుంది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు సరస్సును కోసుకుంటూ అటకానితిప్ప మీదుగా పోతుంది. వానలు బాగా పడ్డ ఏడు రెండు వైపులా నీళ్లే, ఎండల్లో రెండు వైపులా తెల్లగా ఎండిన బురద. దక్షిణాన భీమునివారిపాళెం రేవునుంచి ఇరకం దీవికి ఇప్పటికీ పడవే దారి. బకింగ్‌హాం కాలువ బతికున్న రోజుల్లో శ్రీహరికోట అడవి కట్టెలు పడవల్లో మద్రాసు పొయ్యిల్లోకి పోయేవి. ఆ అడవిలో తరతరాలుగా ఉన్నవాళ్లు యానాదులు. 1971 అక్టోబరు 9న మొదటి చిన్న రాకెట్టు రోహిణి-125 ఎగిరేనాటికి వాళ్లలో చాలామందిని అక్కడినుంచి కదిలించేశారు. రాకెట్టును వదలడానికి ఖాళీ జాగా కావాలి కదా. తూర్పున సముద్రం తప్ప అడ్డు లేని చోటు అని దీన్ని ఎంచుకున్నారు. ఆ ఖాళీలో ఉన్న మనుషుల సంగతి ఏ మాటలోనూ లేదు, లాంచ్‌లోనూ లేదు, ప్రయోగంలోనూ లేదు. వదలడంలో కొంచెం ఉందేమో. ఊరు వదలడం అని కూడా అంటాం.

ప్రయోగం తేదీ రాగానే తీరపు పల్లెలకు కబురు వస్తుంది, ఫలానా రోజు ఫలానా వేళ వేటకు పోగూడదని. ఇక్కడ సముద్రం మీదికి పోవడం వేటే. పడిపోయే అంచెలు ఎక్కడ పడతాయో లెక్కగట్టి ఆ మేర సముద్రాన్ని ఖాళీ చేయిస్తారు, ఓడలకూ విమానాలకూ ముందే హెచ్చరికలు పోతాయి. అంటే రాకెట్టును వదిలే రోజు పడవలను కట్టేస్తారు. ఇంగ్లీషులో ఈ వాక్యం రాయబోతే ఒకే మాట రెండుసార్లు వచ్చి ఒకదాన్నొకటి కొట్టేస్తుంది. ప్రయోగానికి ముందు ఇస్రో అధ్యక్షుడు సూళ్లూరుపేటలో కాళంగి ఒడ్డున ఉన్న చెంగాళమ్మ గుడికి వచ్చి పోవడం కూడా ఆనవాయితీ. సముద్రం మీదికి పడవ దించేముందు అమ్మవారికి దణ్ణం పెట్టుకునే పట్టపువాళ్లకు అందులో వింతేమీ కనిపించదు.

2019లో షార్‌లో జనం కూర్చుని చూసే గ్యాలరీ తెరిచాక బయటి ఊళ్లవాళ్లు "లాంచ్ చూడ్డానికి వచ్చాం" అంటూ దిగుతున్నారు. అదే సూళ్లూరుపేటలో మిద్దెల మీదికి ఎక్కేవాళ్లకు టిక్కెట్టు లేదు. వాళ్లకు ముందు వెలుగు వస్తుంది, అది సగం ఆకాశం ఎక్కాక, దాదాపు నిమిషం పోయాక మోత వస్తుంది, కిటికీలు గిలగిలలాడతాయి. లాంచ్ మాట రాకెట్టు దగ్గరే ఆగలేదు. ఊళ్లో సెల్‌ఫోను దుకాణానికి ప్రారంభోత్సవం పోయి 'గ్రాండ్ లాంచ్' వచ్చింది. సినిమావాళ్లు ట్రైలరును లాంచ్ చేస్తారు, కొడుకును లాంచ్ చేస్తారు. పాత పోస్టర్ల మీద 'పరిచయం' అని ఉండేది. అందులో కొంత వినయం ఉండేది. ప్రేక్షకుడు నచ్చితే పలకరిస్తాడు, లేకుంటే లేదు. కొడుకును బల్లెంలా జనం మీదికి విసరడం కొత్త పద్ధతి. గురి తప్పిన సందర్భాలు పాఠకులకు నాకన్నా బాగా తెలుసు.

మలయ్ భాష దగ్గర ఒక చిన్న లెక్క మిగిలి ఉంది. లాంచారాకు మూలమైన 'లాంచార్' అక్కడ ఇప్పటికీ బతికే ఉంది. తడబాటు లేకుండా మాట్లాడేవాడిని లాంచార్ అంటారు, అడ్డులేకుండా సాగే పని లాంచార్. దాని మీద ముందో ప్రత్యయం, వెనకో ప్రత్యయం చేర్చి 'పెలాంచారన్' అన్నారు. మలేసియాలో రాకెట్టు ప్రయోగాన్ని పిలిచేది ఆ పేరుతోనే. పడవ పేరైన వేరే అక్కడ రాకెట్టు క్రియ అయింది, బల్లెంతో పని పడలేదు. పక్కనున్న ఇండోనేషియావాళ్లు ఇదే పనికి 'పెలుంచూరన్' అంటారు. అది జారడం అనే ధాతువు, వాలుబల్ల మీద ఓడ జారినట్టు జారడం. వాళ్ల అంతరిక్ష సంస్థ లపాన్ ఉపగ్రహాలు 2007లో, 2015లో, 2016లో పీఎస్ఎల్‌వీ ఎక్కాయి. జకార్తా పత్రికలు జారిందన్నదాన్ని మన పత్రికలు ప్రయోగించారన్నాయి, సూళ్లూరుపేట మిద్దెల మీద వదిలారన్నారు.